మెత్తని ప్లాస్టిక్ ఎరలు ఇంట్లో పోయడం: ముందు వేడి సంగతి, ఆ తరువాతే అచ్చు సంగతి

మీరు రాసినదాని సారాంశం ఇది. చేపల ఎరలు పోయడానికి వాడే ప్లాస్టిసాల్ అనే ద్రవం తెచ్చుకుని రెండు విడతలు ఎరలు పోశారు. మొదటి విడత ఎరలు చూడటానికి బాగానే ఉన్నా గాలానికి గుచ్చగానే చీలిపోయాయి. అందువల్ల రెండవసారి ఎక్కువసేపు కాచారు. అప్పుడు ద్రవం పసుపుపచ్చగా మారి ఘాటైన వాసన వచ్చింది, ఎరల మీద గుంటలూ లోపల బుడగలూ ఏర్పడ్డాయి. తప్పంతా ప్లాస్టర్ అచ్చులో ఉన్నదేమోనని, అల్యూమినియం అచ్చు కొనాలా అని అడుగుతున్నారు.

ఇప్పుడప్పుడే కొనవద్దు. పదిహేనేళ్లకు పైగా నా ఎరలు నేనే పోసుకుంటున్నాను. మీరు చెప్పిన లోపాలన్నీ నా చేతి మీదుగా వచ్చినవే. వాటిలో మొదటిది వేడి చాలకపోవడం వల్ల, రెండవది వేడి మించడం వల్ల వచ్చాయి. బుడగలకు కారణం చాలావరకు అచ్చులోని చెమ్మ. గుంటలకు కారణం ప్లాస్టిక్ చల్లారుతూ కుదించుకుపోవడం. అంటే నాలుగూ వేడితో ముడిపడినవే. అల్యూమినియం అచ్చులో పోసినా చాలని వేడికి చీలే ఎర చీలుతూనే ఉంటుంది. మీకు మొదట కావలసినది మంచి థర్మామీటర్. అది ఎందుకు కావాలో అర్థం కావాలంటే మీరు కాస్తున్న పదార్థం ఏమిటో తెలియాలి కాబట్టి అక్కడినుంచే మొదలుపెడతాను.

ప్లాస్టిసాల్ కరిగించి సీసాలో పోసిన ప్లాస్టిక్ కాదు. పి.వి.సి. రెసిన్‌ను చాలా సన్నటి రేణువులుగా చేసి, ప్లాస్టిసైజర్ అనే నూనెవంటి ద్రవంలో కలిపి ఉంచిన మిశ్రమం అది. పి.వి.సి. సహజంగా గట్టి పదార్థం. దానిని వంగేలా, సాగేలా చేసేది ఈ ప్లాస్టిసైజరే. అమెరికాలోని ఏక్రన్ నగరంలో గుడ్‌రిచ్ కంపెనీలో పనిచేసిన వాల్డో సెమన్ 1926లో పి.వి.సి.ని మెత్తబరిచే ఈ మార్గాన్ని కనుగొన్నారు. అదే ఏక్రన్‌లో 1949లో నిక్ క్రీమ్ అనే ఆయన ఇంటి వంటగదిలోనే కాచి వానపాము ఆకారంలో మెత్తని ఎరను పోశారు. మనం ఇంట్లో చేస్తున్న పని పుట్టింది కూడా ఇంట్లోనే అన్నమాట.

సీసాలో చల్లగా ఉన్నంతకాలం రేణువులు రేణువులుగానే, ద్రవం ద్రవంగానే ఉంటాయి. నిలవ ఉంచితే రేణువులు అడుగుకు చేరి గట్టిగా పేరుకుంటాయి. మీరు సీసాను బాగా కలపకుండా పైనున్నది వంచుకుని కాచి ఉంటే అందులో ప్లాస్టిసైజర్ ఎక్కువ, రెసిన్ తక్కువ ఉండి ఉంటుంది. ఆ ఎర మెత్తగా, జిడ్డుగా, బలం లేకుండా తయారవుతుంది. అడుగున మిగిలిన దానితో తరువాత పోసిన ఎరలు బిరుసుగా వస్తాయి. అందుచేత కాచే ముందు సీసా అడుగును పుల్లతో తాకి, పేరుకున్నది ఏమీ లేదని తెలిసేవరకు కలపండి. కలిపిన తరువాత కనీసం అరగంట కదపకుండా ఉంచితే లోపల చిక్కుకున్న గాలి చాలావరకు పైకి వచ్చేస్తుంది.

ఇక వేడి. తెల్లని పాలవంటి ద్రవాన్ని వేడి చేస్తే 100 డిగ్రీల సెల్సియస్ చేరేలోపే రేణువులు ప్లాస్టిసైజర్‌ను పీల్చుకుని ఉబ్బుతాయి, ద్రవమంతా ముద్దగా బిగుస్తుంది. తొలిసారి కాచేవారు ఈ దశలో కంగారుపడి, పాడైపోయిందని పారబోస్తారు. అది పాడైనట్టు కాదు. ఇంకా వేడి చేస్తూ కలుపుతూ ఉంటే ముద్ద మళ్లీ వదులై, జారుడుగా మారి, 160 డిగ్రీలు దాటాక తేటపడుతుంది. చాలా రకాల ప్లాస్టిసాల్‌కు 160 నుంచి 177 డిగ్రీల మధ్య రేణువులన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఒకే ముద్దగా ఏకమవుతాయి. తయారీదారు మీ సీసా మీద ఒక ఉష్ణోగ్రత ముద్రించి ఉంటే నేను చెప్పిన అంకెలకన్నా దానినే నమ్మండి.

మీ మొదటి విడతలో జరిగినది ఇదే అనుకుంటున్నాను: ముద్ద వదులై పోయడానికి వీలుగా మారగానే, అంటే బహుశా 140, 145 డిగ్రీల దగ్గరే, మీరు పోసేశారు. అప్పటికి అది పోతకు వస్తుంది, అచ్చులో చక్కగా నిండుతుంది, చల్లారాక ఎర ఆకారం కూడా వస్తుంది. కానీ రేణువులు పక్కపక్కన అంటుకున్నాయే తప్ప ఒకటి కాలేదు. అటువంటి ఎరను రెండు చేతులతో లాగితే సాగదు, మధ్యలో పుటుక్కున తెగుతుంది; తెగిన అంచు గరుకుగా, పొడిపొడిగా కనిపిస్తుంది. సరిగ్గా ఏకమైన ఎర తన పొడవుకు ఎన్నో రెట్లు సాగి, వదిలితే వెనక్కి వస్తుంది. బలవంతంగా తెంపినా అంచు నునుపుగా ఉంటుంది. మీ దగ్గర మొదటి విడత ఎర ఒక్కటి మిగిలి ఉన్నా లాగి ఆ అంచును చూడండి.

తేటపడటాన్ని కంటితో ఎలా గుర్తించాలో చెబుతాను. నేను గాజు గిన్నెలో స్టీలు చెంచా ముంచి కలుపుతాను. ద్రవం తెల్లగా ఉన్నప్పుడు చెంచా మునిగిన భాగం అసలు కనిపించదు. వేడెక్కుతున్నకొద్దీ అది పలుచబడిన పొగమంచులో నిలబడ్డ మనిషిలాగా మసకగా బయటపడుతుంది. పూర్తిగా తేటపడ్డాక చెంచా అంచు గీతగా, పదునుగా కనిపిస్తుంది. గిన్నె అవతలి గోడ మీది కొలత అంకెలను కూడా ద్రవంలోంచి చదవవచ్చు. చెంచా ఎత్తితే ధార తేనెలాగా తెగకుండా జారి, పడినచోట మడతలు నిలవకుండా వెంటనే కలిసిపోవాలి. మడతలు క్షణకాలమైనా నిలిస్తే ఇంకా వేడి చాలదు. రంగు కలపని ద్రవంలో మాత్రమే ఈ పరీక్ష పనిచేస్తుంది, నలుపు వేసిన తరువాత కన్ను ఏమీ చెప్పలేదు. థర్మామీటర్ తప్పనిసరి అనడానికి ఇదొక కారణం.

రెండవ కారణం మీ రెండవ విడత. పి.వి.సి. అణుగొలుసులో క్లోరిన్ ఉంటుంది. వేడి మించితే ఆ క్లోరిన్ హైడ్రోజన్‌తో కలిసి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువుగా విడిపోవడం మొదలుపెడుతుంది. అది విడిపోయిన చోట గొలుసులో మిగిలే బంధాలే ముందు పసుపు, తరువాత నారింజ, చివరకు గోధుమ రంగుగా కనిపిస్తాయి. విడుదలైన వాయువే మిగతా గొలుసు విరిగిపోవడాన్ని కూడా వేగిరపరుస్తుంది కాబట్టి ఒకసారి పసుపు తిరిగిన ద్రవం తిరిగి వెనక్కి రాదు, చూస్తుండగానే ముదురుతుంది. హీట్ స్టెబిలైజర్ అనే పదార్థం కొంతవరకు ఆ వాయువును పట్టి ఉంచి కాపాడుతుంది. అది అప్పటికే మీ ప్లాస్టిసాల్‌లో కొంత ఉంటుంది, విడిగా కూడా దొరుకుతుంది. అయినా 190 డిగ్రీలు దాటనివ్వడం నా దృష్టిలో తప్పే.

ఆ ఘాటైన వాసనను దయచేసి తేలికగా తీసుకోకండి. హైడ్రోజన్ క్లోరైడ్ కంటిలోని, ముక్కులోని, ఊపిరితిత్తుల్లోని తడిని తాకి హైడ్రోక్లోరిక్ ఆమ్లంగా మారుతుంది. ద్రవం మాడిందని తెలిసిన క్షణంలో పొయ్యి ఆపి, ఊపిరి బిగబట్టి గది బయటకు వెళ్లండి; గిన్నెను బయటకు తీసుకువెళ్లగలిగితే తీసుకువెళ్లండి, లేకపోతే కిటికీలు తెరిచి, గాలి పూర్తిగా మారాకే తిరిగి రండి. మాడకపోయినా ప్లాస్టిసైజర్ ఆవిరి వస్తూనే ఉంటుంది, అందుచేత ఈ పని మనుషులు నివసించే గదిలో చేయకూడదు. నేను వసారాలో, గాలి నా వీపు వైపునుంచి వచ్చేలా కూర్చుని చేస్తాను. సేంద్రియ ఆవిరులనూ ఆమ్ల వాయువులనూ పట్టే కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్ పెట్టుకుంటాను. దుమ్ముకు పెట్టుకునే గుడ్డ మాస్క్ వాయువులను ఆపదు.

థర్మామీటర్‌లో రెండు రకాలు వాడతారు. దూరంనుంచి చూపి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ రకం చేతికి వీలుగా ఉంటుంది, కానీ అది పైపొరను మాత్రమే కొలుస్తుంది. పైపొర గాలికి చల్లారి 150 చూపిస్తున్నప్పుడు అడుగున 180 ఉండవచ్చు. అందువల్ల బాగా కలిపి, కలిపిన వెంటనే కొలవాలి. మెరిసే లోహపు అచ్చు మీద ఆ పరికరం అసలుకన్నా తక్కువ చూపిస్తుందన్నది కూడా గుర్తుంచుకోండి. ద్రవంలో ముంచే కడ్డీ రకం నెమ్మదిగా చెప్పినా నిజం చెబుతుంది. ఒక్కటే కొనగలిగితే ముంచే రకం కొనండి.

మీరు మైక్రోవేవ్ ఓవెన్ వాడుతున్నానని రాశారు. మంచిదే, కానీ అది ఈ పనికి మాత్రమే కేటాయించినదై ఉండాలి. అందులో ఇక ఎన్నడూ వంట చేయకూడదు, గిన్నెలకూ చెంచాలకూ కూడా అదే నియమం. ఓవెన్ ద్రవాన్ని ఒకేలా వేడి చేయదు, ఒకచోట మాడుతుండగా మరోచోట ఇంకా పాలలాగే ఉంటుంది. నేను 120 మిల్లీలీటర్లు మించకుండా, వేడికి తట్టుకునే గాజు కొలత గిన్నెలో పోసి, మొదట ఒక నిమిషం, ఆ తరువాత 20 నుంచి 30 సెకన్ల చొప్పున వేడి చేస్తాను. ప్రతిసారీ తీసి, అడుగునూ అంచులనూ చెంచాతో గీకుతూ కలిపి, కొలిచి, మళ్లీ పెడతాను. 150 దాటాక 10, 15 సెకన్లకన్నా ఎక్కువ ఇవ్వను, ఎందుకంటే చివరి 15 డిగ్రీలు ముందటి 100 డిగ్రీలకన్నా త్వరగా వచ్చిపడతాయి. స్టీలు చెంచాను ఓవెన్‌లో మరచిపోకుండా తీయండి. చెక్క పుల్లలు తేలిక అనిపిస్తాయి గాని, చెక్కలో దాగిన చెమ్మ వేడి ద్రవంలోకి బుడగలుగా వస్తుంది. గాజు గిన్నెకు సన్నని బీట ఉన్నా వాడకండి, వేడి గిన్నెను తడి బల్ల మీద పెట్టకండి. గాజు పగిలితే 170 డిగ్రీల ద్రవం ఒడిలోకి వస్తుంది.

ఆ ద్రవం మరిగే నీటికన్నా చాలా ప్రమాదకరం. నీరు జారిపోతుంది, ఇది చర్మాన్ని పట్టుకుని కాలుస్తూనే ఉంటుంది. పొడవు చేతుల నూలు చొక్కా, మూసిన చెప్పులు, తోలు చేతితొడుగులు, కళ్లద్దాలు లేకుండా మొదలుపెట్టవద్దు. పొరపాటున పడితే ఆ చోటును వెంటనే చల్లని ధార నీటి కింద 20 నిమిషాలు ఉంచండి, అంటుకున్న ప్లాస్టిక్‌ను పీకకండి, అలాగే వైద్యుడి దగ్గరకు వెళ్లండి. ఒకవేళ గిన్నెలో మంట పుడితే నీళ్లు పోయకూడదు. ఓవెన్ తలుపు తెరవకుండా కరెంటు ఆపాలి, పొయ్యి మీద అయితే మూత వేసి గాలి అందకుండా చేయాలి. పొడి రసాయనపు మంటలార్పే సాధనం చేతికందేంత దూరంలో ఉంచుకోండి. నిప్పు కనిపించే గ్యాస్ పొయ్యి మీద ఈ పని చేయనే వద్దు.

ఇక మీరు అనుమానించిన ప్లాస్టర్ అచ్చు. తప్పు ప్లాస్టర్‌ది కాదు, అందులో మిగిలిన నీటిది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ను తడిపినప్పుడు అది నీటిని తనలో కలుపుకుని జిప్సంగా గట్టిపడుతుంది. కానీ మనం కలిపే నీరు ఆ పనికి కావలసినదానికన్నా చాలా ఎక్కువ, మిగిలినది సన్నటి రంధ్రాల్లో నిలుస్తుంది. అచ్చు చేతికి పొడిగా, రాయిలా తగిలినా లోపల ఆ నీరు ఉంటుంది. 170 డిగ్రీల ద్రవం తగలగానే అది ఆవిరై, బయటికి పోయే దారి ప్లాస్టిక్‌లోంచే కాబట్టి అందులో బుడగలు నింపుతుంది. తొలి రోజుల్లో ఒకసారి నేను రెండు రోజులు ఆరిన అచ్చు చాలులే అనుకుని పోశాను. మొదటి రెండు ఎరలు బాగా వచ్చాయి. మూడవది పోస్తుండగా చిన్నగా 'టప్' మని శబ్దం వచ్చి ఒక చుక్క ఎగిరి, చేతితొడుగు అంచుకూ చొక్కా చేతికీ మధ్య మణికట్టు మీద పడింది. అచ్చు మొదటి పోతలకు పైపైన ఆరినట్టే ఉండి, అది వేడెక్కినకొద్దీ లోపలి నీరు పైకి వచ్చిందని ఆ మచ్చ నాకు నేర్పింది.

ఆరిందో లేదో తెలుసుకునే నమ్మకమైన మార్గం తూకం. అచ్చు విప్పిన రోజున తూచి, వెనుక పెన్సిల్‌తో రాసుకోండి. గాలి ఆడేచోట, కిందనుంచి కూడా గాలి తగిలేలా రెండు పుల్లల మీద నిలిపి, రోజూ తూచండి. వరుసగా రెండు రోజులు బరువు మారకపోతే ఆరినట్టు. పలుచని అచ్చుకు వారం, మందమైనదానికి రెండు వారాలు కూడా పట్టవచ్చు. త్వరపడాలంటే 50 డిగ్రీల దగ్గర సన్నని వేడిలో కొన్ని గంటలు ఉంచవచ్చు గాని అంతకన్నా బాగా పెంచితే జిప్సం తన సొంత నీటిని కూడా వదిలి బలహీనపడుతుంది, అంచులు పొడిగా రాలతాయి.

ఆరిన తరువాత రంధ్రాలను మూయాలి. తెల్ల జిగురును సమాన భాగం నీటితో పలుచన చేసి, మెత్తని కుంచెతో రెండు మూడు పలుచని పూతలు, ప్రతి పూతా పూర్తిగా ఆరనిచ్చి వేస్తే సరిపోతుంది. వేడికి తట్టుకునే ఎపాక్సీ పూత ఇంకా ఎక్కువకాలం నిలుస్తుంది, ఎరకు మెరుపు కూడా ఇస్తుంది. మందంగా ఒకే పూత వేస్తే ఎర మీది సన్నని గీతలు పూడిపోతాయి. చివరి పూత తరువాత అచ్చును మరోసారి ఆరబెట్టండి. జిగురులోనూ నీరుందన్న సంగతి చాలామంది మరచిపోతారు.

కొత్తగా అచ్చు పోసుకోదలిస్తే ఈ కొన్ని మాటలు చాలు. నీటిలోకి ప్లాస్టర్‌ను చల్లుతూ వేయాలి, ప్లాస్టర్‌లోకి నీరు పోయకూడదు. ఒక వంతు నీటికి రెండు వంతుల ప్లాస్టర్ కొలతగా పెట్టుకోండి. నమూనా ఎరను నునుపైన పలక మీద జిగురుతో అంటించి, మొదటి పొరను కుంచెతో దాని మీద పూస్తే గీతల్లో గాలి చిక్కదు, ఆ తరువాత మిగిలినది పోయండి. ప్లాస్టర్ బిగిసేటప్పుడు బాగా వేడెక్కుతుంది కాబట్టి తడి ప్లాస్టర్‌లో చేతులు పెట్టి ఉంచకండి. ఇలా చేసిన ఒకవైపు తెరిచిన అచ్చులో వానపాములు, జలగలు, వంకర తోకల ఎరలు చక్కగా వస్తాయి. నీటిలో అటూ ఇటూ కొట్టుకునే తెడ్డు తోక ఎరకు, అన్నివైపులా గుండ్రంగా ఉండే చిన్నచేపల ఆకారాలకు రెండు ముక్కల అచ్చు కావాలి, దానికి సిలికాన్ నాకు ఎక్కువ ఇష్టం. చెమ్మ బాధ లేదు, పోత వేడిని సులువుగా తట్టుకుంటుంది. ఒక్క హెచ్చరిక: ప్లాటినం రకం సిలికాన్ గంధకం ఉన్న బంకమన్నును తాకితే ఆ చోట గట్టిపడకుండా జిగటగానే మిగిలిపోతుంది. నమూనాను నిలపడానికి గంధకం లేని బంకమన్ను మాత్రమే వాడండి. రెండవ సగం పోసేముందు మొదటి సగానికి అంటుకోకుండా చేసే పూత వేయకపోతే సిలికాన్ సిలికాన్‌కు అంటుకుని రెండూ ఒకటైపోతాయి.

ఎరల మీది గుంటలకు వస్తాను. ప్లాస్టిసాల్ చల్లారుతూ కొద్దిగా కుదించుకుపోతుంది. ముందు అంచులు బిగుస్తాయి, మధ్యభాగం తరువాత బిగుస్తూ పైనున్న దానిని లోపలికి లాగుతుంది. తెరిచిన అచ్చులో దీనికి మందు తేలిక: అంచుకు సమానంగా కాక, మధ్యలో కొంచెం ఉబ్బెత్తుగా నిలిచేలా పోయాలి. పోయడం కూడా తోక కొస దగ్గర మొదలుపెట్టి, సన్నని ధారగా, గిన్నెను అచ్చుకు దగ్గరగా పట్టుకుని తల వైపుకు రావాలి. సన్నని తోక ముందు నిండకపోతే తరువాత నిండదు, చల్లారిన అంచును కొత్త ధార కలుపుకోలేక అక్కడ అతుకు గీత పడుతుంది. ఆ గీత దగ్గరే తోక తెగుతుంది. అచ్చును ముందుగా గోరువెచ్చగా చేసుకుంటే ఈ అతుకులు చాలావరకు పోతాయి.

అల్యూమినియం అచ్చులో ఇదంతా మరింత కచ్చితంగా చేయాలి. లోహం వేడిని గబుక్కున లాగేస్తుంది కాబట్టి చల్లని అచ్చులో మొదటి రెండు పోతలు ముడతలతోనే వస్తాయి. నేను వాటిని అచ్చు వేడెక్కడానికి పోసినవిగానే లెక్కపెట్టి, తిరిగి గిన్నెలో వేస్తాను. ఇంజెక్టర్‌తో, అంటే ద్రవాన్ని అచ్చులోకి నెట్టే సిరంజివంటి సాధనంతో నింపేటప్పుడు గిన్నె పైన తేలే మీగడవంటి పొరను పక్కకు తీసి, కిందినుంచి లాగాలి. తొందరపడకుండా ఒకే ఒత్తిడితో నొక్కి, రంధ్రం పైన చిన్న మడుగు నిలిచాక 5, 10 సెకన్లు అదే ఒత్తిడి పట్టి ఉంచాలి. కుదించుకునే ప్లాస్టిక్ ఆ మడుగులోంచి తనకు కావలసినది లాక్కుంటుంది, ఎర మీద గుంట పడదు. మీరు ఒకే ఆకారాన్ని వందల సంఖ్యలో పోయదలచిన రోజున ఈ అచ్చు దాని ఖరీదుకు తగిన పని చేస్తుంది. ఇంకొక మాట: ఒక కంపెనీ ఎరను నమూనాగా పెట్టి అచ్చు తీసుకుంటే అది మీ సొంత వాడకం వరకే, ఆకారాలకు కూడా హక్కులు ఉంటాయి, అమ్మదలిస్తే నమూనా మీరే చెక్కుకోండి.

అచ్చునుంచి తీసిన ఎర ఇంకా లేతది. చల్లని నీటిలో తిన్నగా పడుకోబెట్టి, తరువాత నునుపైన పలక మీద ఒకదానికొకటి తగలకుండా ఒక రోజు ఉంచండి. కుప్పగా వేస్తే ఏ వంపులో ఉన్నది ఆ వంపులోనే స్థిరపడుతుంది, వంకర ఎర నీటిలో గిరగిర తిరిగి దారాన్ని మెలిపెడుతుంది. అప్పటికే వంగిపోయినవాటిని మరిగి దించిన నీటిలో కాసేపు ముంచి, తిన్నగా చేసి చల్లార్చితే సరిపోతాయి.

మెత్తదనం, రంగు, ఉప్పు, మెరుపుల గురించి మీరు అడగలేదు గాని, మొదటి విడత చీలిపోయినందుకు మీరు ఏదైనా మార్చాలని చూస్తారు కాబట్టి చెబుతున్నాను. సాఫ్ట్‌నర్ అని విడిగా అమ్మేది కూడా ప్లాస్టిసైజరే. సన్నని తోక కదలాలంటే 100 మిల్లీలీటర్లకు 5 నుంచి 10 మిల్లీలీటర్లు కలపవచ్చు, కానీ కలిపినకొద్దీ బలం తగ్గుతుంది. ఉప్పు ఎరను బరువెక్కించి త్వరగా ముంచుతుంది, అదే సమయంలో పెళుసు చేస్తుంది. వేడి కుదిరిందని మీకు నమ్మకం కలిగేవరకు ఉప్పు జోలికి పోకండి. వాడిన రోజున సన్నగా నూరి, పూర్తిగా ఆరబెట్టి, పోసినంతసేపూ కలుపుతూనే ఉండాలి, లేకపోతే అడుగుకు చేరుతుంది. మెరుపు పొడి వేడికి తట్టుకునే పాలియెస్టర్ రకమే అయి ఉండాలి. అలంకరణకు వాడే మామూలు రకం ముడుచుకుపోయి తన రంగును ద్రవంలోకి వదులుతుంది. మెరుపు పొడిని ద్రవం తేటపడిన తరువాత చివరగా వేసి, చల్లారిన ఆ కొద్ది వేడిని మరో 15 సెకన్లతో తిరిగి తెచ్చుకోండి. రంగు చుక్కలుగా వేయండి, ఒక చుక్క తక్కువే వేయండి. గిన్నెలో ముదురుగా కనిపించే రంగు సన్నని ఎరలో లేతగా ఉంటుందన్నది నిజమే గాని, ఎక్కువైన రంగును తీయలేము, తక్కువైన రంగును చేర్చగలము.

మిగిలిన ముక్కలను, చీలిన ఎరలను పారవేయకండి. గాలం ముక్కలు లేకుండా చూసి, కడిగి, ఒక రోజంతా ఆరబెట్టి తిరిగి కాచవచ్చు. ప్రతిసారీ కొంచెం పసుపు చేరుతుంది, కనుక మొదటి కాపు లేత రంగులకు, రెండవది ఆకుపచ్చ, గోధుమ రంగులకు, ఆ తరువాతది నలుపుకు వాడుకోవడం నా అలవాటు. మీ మొదటి విడత చీలిన ఎరలకు కూడా ఇదే దారి: వాటిలో లోపం వేడి చాలకపోవడమే కాబట్టి ఈసారి 165 డిగ్రీలు దాటేవరకు కాస్తే అవే మంచి ఎరలవుతాయి. మాడిన రెండవ విడతను మాత్రం తిరిగి కాచవద్దు, అది మళ్లీ వాయువు వదులుతుంది. నీటి దగ్గర చీలిన ఎరను నీటిలో వదలకండి; అది కుళ్లదు, చేప మింగితే కడుపులోనే ఉండిపోతుంది. జేబులో వేసుకుని ఇంటికి తెచ్చి గిన్నెలో వేయండి.

నిలవ సంగతి ఒక్క ముక్కలో చెబుతాను. పాలీథీన్ సంచుల్లో, రంగుకొక సంచి చొప్పున, పరచి ఉంచండి. గట్టిగా పారదర్శకంగా మెరిసే పాలీస్టైరీన్ డబ్బాలను ఎరలోని ప్లాస్టిసైజర్ కరిగించివేస్తుంది. ఎక్కువగా సాగే టి.పి.ఇ. (థర్మోప్లాస్టిక్ ఎలాస్టమర్ అనే రబ్బరువంటి ప్లాస్టిక్) రకం ఎరలను ప్లాస్టిసాల్ ఎరలతో కలిపి ఉంచితే రెండూ కరిగి ముద్దవుతాయి.

థర్మామీటర్ వచ్చిన రోజున ఎరలు పోయకండి, ఈ పరీక్ష చేయండి. రంగు, ఉప్పు, మెరుపు ఏవీ లేకుండా 60 మిల్లీలీటర్లు కాచి, 140 డిగ్రీల దగ్గర ఒక చెంచాడు తీసి నునుపైన లోహపు పలక మీద చిటికెనవేలు వెడల్పున పట్టీగా పోయండి. మిగిలినది 155కు తెచ్చి రెండవ పట్టీ, 168కి తెచ్చి మూడవ పట్టీ పోయండి. ప్రతిదాని పక్కనా అంకె రాసి, ఒక రోజు వదిలేయండి. మరునాడు మూడింటినీ ఒక్కొక్కటిగా రెండు చేతులతో లాగి, ఏది ఎంత సాగిందో, తెగిన అంచు గరుకుగా ఉందో నునుపుగా ఉందో చూసి ఇక్కడే రాయండి. మూడవ పట్టీ సాగి వెనక్కి వస్తే, మీ పాత ప్లాస్టర్ అచ్చును తూచి, ఆరిందని తేల్చుకుని, అందులోనే మళ్లీ పోయండి.